అరకిలో ఎండుటాకు, సున్నుండల డబ్బా

మా గురువుగారు మందు ముట్టడు. ఈ ముక్క ముందే చెప్పేయడం న్యాయం, ఎందుకంటే మిగతాది విన్నాక ఆయన్ని తాగుబోతనుకునే ప్రమాదం ఉంది. ముట్టకపోవడమే కాదు, ముట్టినవాణ్ణి పక్కన కూర్చోనివ్వడు. మా కంపెనీ క్యాంపులో ఎవరెవరు ద్రాక్షరసంలో ఈస్టు కలిపి మంచం కింద దాచుకుంటున్నారో ఆయన దగ్గర లెక్క ఉండేది. వాళ్ళ ప్రస్తావన వస్తే చాలు, ఏ దేశంలో ఉంటే ఆ దేశం చట్టాన్ని గౌరవించాలయ్యా అని నాకు క్లాసు పీకేవాడు. చట్టమంటే అంత గౌరవం ఉన్న మనిషే నా మెడని పణంగా పెట్టాడు.

మా ఇద్దరిదీ ఒకే ఫ్లాటు. రెండు గదులు, ఒక వంటిల్లు, ఒక రైస్ కుక్కరు. ఊరు సౌదీలో, జెద్దాకి పైన, రాబిగ్. రిఫైనరీని ఆనుకుని కొత్త పెట్రోకెమికల్ యూనిట్లు కడుతున్న రోజులవి. ఒక కాంట్రాక్టు కంపెనీలో నేను ఇన్‌స్ట్రుమెంట్ ఇంజినీర్ని, ఆయన ప్రాసెస్ ఇంజినీరు. నాకంటే పదేళ్ళు పెద్ద, తెనాలి వైపు మనిషి. గురువుగారూ అని మొదట్లో గౌరవంతోనే పిలిచాను. తర్వాత అలవాటుగా పిలిచాను. ఆ తర్వాత ఎలా పిలిచానో ఆయన ఎప్పుడూ గమనించలేదు.

ఆయనకి బజార్లో కొన్నదేదీ నచ్చదు. పళ్ళపొడి సొంతం, సబ్బు సొంతం. ఒకసారి వాడేసిన నూనెతో సబ్బు చేస్తే వారం రోజులు నా చొక్కాలు మిరపకాయ బజ్జీల వాసన కొట్టాయి. ఏం చేసినా ప్లాంటులో చేసినట్టే చేసేవాడు: ముందు ప్రొసీజరు రాసుకోవడం, దానికి నంబరు వేయడం, ప్లాస్టిక్ ఫైల్లో పెట్టడం. ఇంట్లో నేను ఆపరేటర్ని. అంటే గిన్నెలు తోమేది నేనని.

ఆ ఏడు ఆయనకి నిద్రపట్టని జబ్బు వచ్చింది. రోజుకి ఆరు టీలు తాగి, శుక్రవారం మధ్యాహ్నం మూడు గంటలు గుర్రు పెట్టి, నిద్ర పట్టట్లేదయ్యా అని వాపోయేవాడు. టీలు తగ్గించమంటే నా వైపు జాలిగా చూసేవాడు. ఇండియాకి లీవు మీద వెళ్ళి వచ్చేటప్పుడు ఇంటర్నెట్ సెంటర్లో ప్రింటు తీయించిన కాగితాలు ఏవో తెచ్చుకున్నాడు. మూలికలని గ్లిజరిన్‌లో నానబెట్టి సారం తీసే పద్ధతి అని మాత్రం నాతో చెప్పాడు. అందరూ సారాయిలో తీస్తారట, మనం చట్టం ప్రకారం నడుచుకునేవాళ్ళం కాబట్టి గ్లిజరిన్‌లో తీస్తామట.

ఆ గ్లిజరిన్ కోసం నన్ను జెద్దా దాకా ఈడ్చుకెళ్ళాడు. మందుల షాపులో ఉన్న ఈజిప్టు ఫార్మసిస్టుని ఇది మొక్కల నుంచి తీసిందా, జంతువుల కొవ్వు నుంచి తీసిందా అని అరగంట నిలదీశాడు. పంది కొవ్వు అయితే నీకు పాపం, ఆవు కొవ్వు అయితే నాకు పాపం అని ఇంగ్లీషులో బోధించాడు. ఆ పెద్దమనిషి విసుగెత్తి సీసా మీద ఉన్న ఆకు బొమ్మ చూపించి, అంతటితో వదిలించుకున్నాడు. తిరుగు ప్రయాణమంతా సీసా గురువుగారి ఒళ్ళోనే ఉంది.

తర్వాత నెలలో నాకు లీవు వచ్చింది. గల్ఫులో ఒకడికి లీవు వచ్చిందంటే తిరిగొచ్చేటప్పుడు వాడి సూట్‌కేసు వాడిది కాదు. క్యాంపులో ఉన్న తెలుగువాళ్ళందరి అత్తగార్లూ పెళ్ళాలూ వాడింటికి వస్తారు. ఆవకాయ, కందిపొడి, చేగోడీలు. కాదనకూడదు, ఎందుకంటే రేపు వాడికీ ఒకడు మోసుకురావాలి. విప్పి చూడకూడదు, అది మర్యాద కాదు. కొసకి స్ప్రింగు త్రాసుకి వేలాడదీసి తూచడమే మిగిలేది. గురువుగారు తన వంతుగా ఒక పొట్లమన్నాడు. ఎండు గోంగూర, అరకిలో, మా ఆవిడ తెచ్చి ఇస్తుంది అన్నాడు. గోంగూరంటే నాకు మాత్రం చేదా? సగం నేనే తినొచ్చని ఒప్పుకున్నాను.

మాది విజయవాడ. తెనాలి నుంచి ఆవిడ బస్సులో వచ్చింది, మే నెల ఎండలో. చేతిలో ఆకు పొట్లం, ఇంకో చేతిలో స్టీలు డబ్బా నిండా సున్నుండలు. అప్పటికే నా పెట్టె బరువు దాటిపోయి ఉంది, నా తల కూడా వేడెక్కి ఉంది. రెండూ కుదరవమ్మా, ఏదో ఒకటే అన్నాను. కూర్చోమని కూడా అన్నట్టు గుర్తులేదు. ఆవిడ కాసేపు నిలబడి ఆలోచించి, సున్నుండల డబ్బా వెనక్కి తీసుకుని ఆకు పొట్లం నా చేతిలో పెట్టింది.

"ఇందులో గోంగూరే ఉంది అన్నయ్యగారూ. ఎవరడిగినా ధైర్యంగా చెప్పండి, గోంగూరేనని" అంది.

ఆవిడ వెళ్ళాక ఈ మాట చెప్పి మా ఆవిడా నేనూ నవ్వుకున్నాం. గోంగూర మోయడానికి ధైర్యమెందుకో మాకు అర్థం కాలేదు.

విమానంలో నా పక్కన నలుగురు కొత్త కూలీలు. చదువు రాని వాళ్ళు. వాళ్ళ ల్యాండింగు కార్డులు నేనే నింపాను. ఆ కార్డు మీద మత్తుమందులు తెచ్చేవారికి మరణశిక్ష అని ఎర్ర అక్షరాలతో ఉంటుంది. అది వాళ్ళకి చదివి వినిపించి, ఎవరైనా పొట్లం ఇస్తే విప్పి చూడకుండా తేకూడదర్రా, తలకాయ లేచిపోతుంది అని హితబోధ కూడా చేశాను. వాళ్ళు భయంగా తలలూపారు. నాకు చాలా గొప్పగా అనిపించింది.

జెద్దాలో కస్టమ్స్ కుర్రాఫీసరు నా పెట్టె మొత్తం బల్ల మీద బోర్లించి, ఆకు పొట్లం దగ్గర ఆగాడు. విప్పాడు. ఒక ఆకు తీసి వేళ్ళు విప్పినట్టున్న దాన్ని వెలుగుకేసి పట్టుకుని చూశాడు. ఏమిటిదని అరబ్బీలో అడిగాడు. నేను ఏ మాత్రం తొణక్కుండా, కర్కడే, కర్కడే ఆకు అన్నాను. కర్కడే అంటే అక్కడ ఎర్రగా కాచుకు తాగే పువ్వు, మన గోంగూరకి దగ్గర చుట్టం. వాడు నమ్మక ఒక ముసలి ఆఫీసర్ని పిలిచాడు. ఆయన ఆకు నలిపి వాసన చూశాడు, చిటికెడు నోట్లో వేసుకున్నాడు. మొహం మొత్తం ముడుచుకుపోయింది. చేయి విసిరి పొమ్మన్నాడు. నేను నవ్వుతూ బయటికొచ్చాను.

శుక్రవారం పొద్దున గోంగూర పప్పు చేద్దామని కందిపప్పు కడిగి, గుప్పెడు ఆకు ఇవ్వమని గురువుగారిని అడిగాను. ఇవ్వనన్నాడు. గుప్పెడే కదా అన్నాను. ఆయన తన గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. నిన్నటి నుంచి రైస్ కుక్కరు కూడా ఆయన ఆధీనంలోనే ఉంది. మూత తీస్తే, నీళ్ళలో మునిగి ఒక గాజుసీసా, అందులో గ్లిజరిన్, గ్లిజరిన్‌లో నేను తెచ్చిన ఆకు. అన్నం వండుకునే యోగం లేక నేను రెండు పూటలుగా ఖుబ్జ్ రొట్టె నములుతున్నాను. ఒళ్ళు మండి తలుపు కొట్టాను.

ఆయన ఫైలు పట్టుకుని వచ్చాడు. కుర్చీలో కూర్చోమన్నాడు. అలా కూర్చోమని ఎప్పుడూ అనడు.

"ఇది గోంగూర కాదయ్యా" అన్నాడు.

కాగితం నా ముందు పెట్టాడు. పైన ఆకు బొమ్మ. ఐదు వేళ్ళు, రంపపు అంచులు. పొట్లంలోంచి విరగని ఆకు ఒకటి తెచ్చి బొమ్మ పక్కన పెట్టాడు. ఐదు వేళ్ళు, రంపపు అంచులు. కింద ఇంగ్లీషులో ఉన్న పేరు నేను రెండుసార్లు చదివాను. గంజాయి. వాళ్ళ అత్తగారి ఊరి దగ్గర ఒక నాటువైద్యుడు ఉన్నాడట, వాడి దగ్గర అడిగి తీసుకుని గోంగూర అని చెప్పి పంపమని పెళ్ళానికి ఫోన్లో చెప్పాడట. శివుడి ప్రసాదమయ్యా అది, మందుగా వాడితే తప్పు లేదు అన్నాడు. సారాయి అయితే తప్పు.

 ఆ ముసలి ఆఫీసరు, బల్ల మీద బోర్లించిన నా బట్టలు, ఎర్ర అక్షరాలు, ఆ నలుగురు కూలీలకి నేను చేసిన హితబోధ, అన్నీ ఒకేసారి కళ్ళముందుకొచ్చాయి. ఆ దేశంలో దానికి ఏం చేస్తారో, ఎక్కడ చేస్తారో, ఏ వారం చేస్తారో తెలియనివాడు లేడు. అడిగాను, రెండు నెలల కిందటే మీరూ వెళ్ళొచ్చారు కదా గురువుగారూ, అప్పుడే మీరే తెచ్చుకోవచ్చు కదా అని.

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు.

"నేనా? నాకు ఫ్యామిలీ ఉందయ్యా" అన్నాడు.

నా ఇద్దరు ఆడపిల్లల ఫోటో అక్కడే ఫ్రిజ్ తలుపు మీద అంటించి ఉంది. రోజూ పాలసీసా తీసుకునేటప్పుడు ఆయన చూసే ఫోటోనే. నేను జీవితంలో చాలామందిని తిట్టుకున్నాను గానీ, ఒక మనిషిని మనస్ఫూర్తిగా అసహ్యించుకోవడం అంటే ఏమిటో ఆ కుర్చీలో కూర్చునే తెలుసుకున్నాను.

పారేయమన్నాను. ఆయన ప్రాసెస్ ఇంజినీరుగా ఆలోచించి కుదరదన్నాడు. డ్రైనేజీలో పోస్తే ట్రీట్‌మెంటు ప్లాంటులో సాంపిల్ తీస్తారు, చెత్తలో వేస్తే కుక్కలు పసిగడతాయి, తాగేయడం ఒక్కటే సురక్షితమైన మార్గం అన్నాడు. అయినా ఎయిర్‌పోర్టు దాటేశాం కదా, రిస్కంతా అయిపోయింది అని నా భుజం తట్టాడు. దాటేశాం అన్నాడు. ఆ ఎయిర్‌పోర్టులో ఆయన ఎక్కడున్నాడో నాకు కనబడలేదు.

సారాన్ని పాత పంచె గుడ్డలో వడకట్టి, నంబరు వేసిన చిన్న డ్రాపరు సీసాల్లో పోసి, రోజూ భోజనం కాగానే నాలుక కింద పది చుక్కలు వేసుకోవడం మొదలెట్టాడు. మొదటి రోజే గాఢనిద్ర. రెండోరోజుకి కలలు. వారం తిరిగేసరికి ఆయన మొహంలో కొత్త పెళ్ళికొడుకు కళ వచ్చింది. నిద్రపట్టని జబ్బు అక్కడి నుంచి లేచి నాకు అంటుకుంది. వీధిలో పోలీసు జీపు కనబడితే నా చొక్కా తడిసేది. అక్కడ ఉండటానికిచ్చే ఇకామా కార్డు చూపించమని చెక్‌పోస్టులో ఎవరైనా ఆపితే నా పేరు నాకే గుర్తుకొచ్చేది కాదు. ఫిర్యాదు చేద్దామా అంటే, తెచ్చింది ఎవరని అడుగుతారు. తెచ్చింది నేను.

మందు కొంచెం పుల్లగా ఉందయ్యా అని ఆయనే ఒకరోజు అన్నాడు. అనేసి, వెంటనే కాగితం తీసి కారణం కూడా చూపించాడు. ఆ మొక్కలో ఉండే పదార్థం పేరు చివర ఆసిడ్ అని ఉందట. ఆసిడ్ అన్నాక పులుపు ఉండదా అన్నాడు. నాకు అప్పుడు బుర్ర పనిచేయలేదు, అది వేరే సంగతి. ఆయనది తెనాలి. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ వారానికి నాలుగు రోజులు తిన్న పులుపది. కాగితంలో లేదు కాబట్టి ఆయన నాలుకకి అది తెలియలేదు.

మమ్మల్ని సైటుకి తీసుకెళ్ళే డ్రైవరు హైదరాబాదు పాతబస్తీ మనిషి. ఐదుపూటలా నమాజు చేసేవాడు, సిగరెట్టు కూడా ముట్టేవాడు కాదు. ఒకరోజు సాయంత్రం నడుం నొప్పి అన్నాడు. వెనక సీట్లోంచి గురువుగారు జేబులో సీసా తీసి, హెర్బల్ మందు, పది చుక్కలు వేసుకో అని ఇచ్చాడు.  నమ్మి చేయి చాచిన మనిషి నోట్లో చెప్పకుండా అది పోస్తున్నాడు, రేపు వాడికేమైనా అయితే ముగ్గురం పోతాం. వద్దని నేను నోరు తెరిచేలోపే వాడు నాలుక మీద వేసుకున్నాడు. చప్పరించాడు. అద్దంలోంచి మా ఇద్దరినీ చూశాడు.

"ఇది అంబాడా గద సార్. మీరు గోంగూరంటరు, గదే. మా అమ్మ పప్పుల ఏస్తుండె" అన్నాడు.

గురువుగారు నవ్వి, మసాలాలు తిని తిని నీ నాలుక పాడైందయ్యా అన్నాడు. నాకు మాత్రం ఆ ముసలి ఆఫీసరు మొహం గుర్తొచ్చింది. ఆ ముడత నిమ్మకాయ కొరికినవాడి ముడత. ఇంటికి రాగానే ఆయన స్నానానికి వెళ్ళిన సమయం చూసి ఒక్క చుక్క నాలుక మీద వేసుకున్నాను. ముందు గ్లిజరిన్ తీపి తగిలింది. దాని వెనకే, పచ్చిమిరపకాయా ఉల్లిపాయా ఉంటే బాగుండుననిపించే పులుపు.

మర్నాడు సైటు నుంచే కాలింగ్ కార్డు గోకి తెనాలికి ఫోన్ చేశాను. ఆవిడ నా గొంతు గుర్తుపట్టి, తెలిసిపోయిందా అన్నయ్యగారూ అని నెమ్మదిగా అడిగింది. వైద్యుడి దగ్గరికి తను వెళ్ళనే లేదట. పొలంగట్టున ఉన్న గోంగూర కోసి, డాబా మీద పాత చీర పరిచి ఎండబెట్టిందట. నేను ఇప్పుడే వెళ్ళి ఆయన మొహాన చెప్పేస్తాను అన్నాను. ఆవిడ వద్దంది.

"చెప్తే ఇంకొకళ్ళ చేత అసలుది తెప్పించుకుంటారు. ఆయన సంగతి నాకు తెలుసు. తెచ్చేవాడికీ మీలాగే పిల్లలుంటారు కదా. ఆయన్ని అలాగే పడుకోనివ్వండి" అంది.

అందుకేనట ఆ రోజు సున్నుండలు వెనక్కి తీసుకుని ఆకు నా చేతిలో పెట్టింది. ఆకు అందకపోతే ఆయన ఇంకో దారి వెతుక్కుంటాడని. నేను బరువు గురించి చిరాకు పడుతున్నంతసేపూ ఆవిడ నా మెడ గురించి ఆలోచించింది.  సిగ్గేసింది. ఆ ఎండలో వచ్చిన మనిషికి గ్లాసుడు మంచినీళ్ళు ఇచ్చామా లేదా అని ఎంత గుర్తుచేసుకున్నా గుర్తురాలేదు.

అప్పటి నుంచి నా పని మరీ కష్టమైంది. గోంగూర నీళ్ళు తాగి ఒక మనిషి నా ఎదురుగా కళ్ళు అరమోడ్చి, లోకమంతా తేలికగా ఉందయ్యా అంటుంటే ఊఁ కొట్టాలి. ఒకరోజు సాయంత్రం నాలుగు చుక్కలు ఎక్కువ పడ్డాయని గోడ పట్టుకుని నడిచాడు. నేను వెళ్ళి చేయి పట్టుకున్నాను. డ్రైవరుకి విడిగా చెప్పి, ఆయన ముందు అంబాడా మాట ఎత్తవద్దని బతిమాలుకున్నాను. వాడు స్టీరింగు మీద తల ఆనించి చాలాసేపు నవ్వాడు.

ఏడాది తిరిగేసరికి సీసాలు ఖాళీ అయ్యాయి. కొత్తగా పెళ్ళైన ఒక సేఫ్టీ ఆఫీసరు లీవు మీద వెళ్తున్నాడు, వాడితో తెప్పిస్తానన్నాడు గురువుగారు. వద్దు, నా లీవు దగ్గర్లోనే ఉంది, నేనే తెస్తాను అన్నాను. నీకిప్పుడు భయం పోయిందయ్యా అని మెచ్చుకున్నాడు.

ఈసారి ఆవిణ్ణి రప్పించలేదు. మా ఆవిడని తీసుకుని నేనే తెనాలి వెళ్ళాను. డాబా మీద పాత చీర, చీర నిండా గోంగూర. ఆవిడ కాఫీ ఇచ్చి, పొట్లం కట్టి, పైన స్టీలు డబ్బా పెట్టింది. గురువుగారికి తప్పకుండా ఇస్తానమ్మా అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"ఇవి మీకు" అంది.

జెద్దాలో మళ్ళీ పెట్టె విప్పారు. గోంగూర అని ధైర్యంగానే చెప్పాను. రాబిగ్‌లో గురువుగారు తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు. కస్టమ్స్‌లో ఏమైనా అన్నారా అని అడిగాడు, నేను ఎలా ఉన్నానని అడగలేదు. పొట్లం విప్పి ముక్కు దగ్గర పెట్టుకుని, ఈసారి సరుకు కొంచెం ఘాటుగా ఉందన్నాడు. తర్వాత, మా ఆవిడ తినడానికి ఇంకేమీ పంపలేదా అని అడిగాడు.

సున్నుండలు ఇవ్వబోయింది గురువుగారూ, బరువు ఎక్కువైందని నేనే వద్దన్నాను అని చెప్పి, నా గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాను.